పది పిపెట్లలో దూది

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివినవాణ్ని. మైక్రోస్కోపు కింద కనబడనిది లేనట్టే అనుకునేవాణ్ని. గోదావరిఖనిలో ఒక దవాఖానాలో పనిచేసినప్పుడు జరిగిన ఈ సంగతికి మాత్రం ఇప్పటికీ కారణం దొరకలేదు.

ఎనభైల చివర్లో మేం రక్తం నుంచి వేరుచేసిన సీరమ్‌ను పిపెట్‌తో, అంటే సన్నటి గాజు గొట్టంతో, నోటితోనే పీల్చి కొలిచేవాళ్లం. కొంచెం ఎక్కువ పీలిస్తే నాలుక మీదికి వచ్చేది. ఉమ్మేసి, నోరు కడుక్కుని, మళ్లీ పనిలో పడేవాళ్లం.

నాకు పని నేర్పిన రహీం అన్నకు అలాగే కామెర్లు సోకాయి. కోలుకుని వచ్చాక సీరమ్ నోట్లోకి రాకుండా ప్రతి పిపెట్ పై కొసలో దూది కూరి, బయటికి తేలిన పోగులను స్పిరిట్ దీపం మీద కాల్చేవాడు. ఇంకెవరికీ అంత ఓపిక లేదు. దూది కూరి వదిలేసేవాళ్లం. ఏడాది తిరక్కుండానే కాలేయం చెడి ఆయన పోయాడు.

తర్వాతి వేసవిలో స్టోర్‌లో దూది అయిపోయింది. రెండు రోజులు దూది లేకుండానే పీల్చాం. మూడోరోజు పొద్దున పది పిపెట్లు నేనే కడిగి, ఆరబెట్టి, ఒక్కొక్కటి వెలుతురుకెత్తి చూసి ట్రేలో పెట్టాను. పదీ ఖాళీ. ఆ తర్వాత నేను గది దాటలేదు.

పదకొండు గంటలకు ఒక గని కార్మికుడి సీరమ్ వచ్చింది. చీటీలో షుగర్, యూరియా అని మాత్రమే ఉంది. షుగర్ పరీక్ష పక్క బల్ల మీద సీనియర్ సమ్మయ్య కాక చేస్తాడు, యూరియా నేను.

పీల్చాను. కదల్లేదు. గట్టిగా పీల్చాను. సీరమ్ ఒక్కసారిగా పైకెగిసి, పెదవుల దగ్గర ఆగిపోయింది. తీసి చూస్తే దూది. అంచు కాలి నల్లగా ఉంది. మిగతా తొమ్మిదీ చూశాను. అన్నిట్లోనూ అంతే.

"ఏంది తమ్మీ, దమ్ము లేదా? పొద్దుగాల తినకుంట వచ్చినవా?" అన్నాడు సమ్మయ్య కాక.

"ఈ పిపెట్లల్ల దూది ఎవరు పెట్టిండ్రు కాకా?"

"దూదా? స్టోర్ల చిటికెడు సుత లేదు. దొరికితే నాకింత ఇయ్యి," అని నవ్వి, తన ఖాళీ పిపెట్ నోట్లో పెట్టుకున్నాడు.

నేను తొమ్మిదీ మళ్లీ ట్రేలో సర్దిపెట్టాను. కాక సింకులో ఉమ్మి, నీళ్లు పుక్కిలించాడు.

నెల తిరక్కముందే ఆ కార్మికుడికి హెపటైటిస్ బి అని హైదరాబాద్ నుంచి రిపోర్టు వచ్చింది. రెండు నెలలకు సమ్మయ్య కాక కళ్లు పచ్చబడ్డాయి. ఆరు నెలలు మంచం పట్టాడు. బతికాడు గానీ మళ్లీ ల్యాబుకు రాలేదు. నాకేమీ కాలేదు.

ఆ దూది ఎక్కడిదో, ఎవరు పెట్టారో నేటికీ తెలియదు. నాకు కావలసింది ఒక్క పిపెట్. మిగిలిన తొమ్మిదిలో ఒకటి నేను కాక చేతికి ఎందుకివ్వలేదో, అదీ తెలియదు.