రేపట్నుంచి గట్టిగా చదువుదాం

నేను బీఎడ్ చేసి అప్పటికి తొమ్మిదేళ్లు. నా తోడికోడలు చేసి నాలుగేళ్లు. దువ్వాడలో మాది రెండంతస్తుల ఇల్లు. కింద మేము, పైన మరిది వాళ్లు. టీచరు పోస్టులకు నోటిఫికేషన్ వస్తుందని పేపర్లో పడిన రోజు ఆమే మెట్లు దిగి పరుగున వచ్చింది.

"అక్కా, ఈసారి ఇద్దరం రాసేద్దాం. నీకు నాను, నాకు నువ్వు. ఒక్కరమైతే సదవలేం గానీ ఇద్దరమైతే ఎందుకు సదవం?" అంది.

ఆ ఆదివారం ఇద్దరం ద్వారకా నగర్ వెళ్లి ఒకే రకం పుస్తకాలు రెండు సెట్లు కొన్నాం. తిరుగు బస్సులో వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే మళ్లీ కాలేజీకి వెళ్తున్నట్టనిపించింది. ఇంటికి రాగానే క్యాలెండర్ వెనకవైపు టైంటేబుల్ రాశాను. పిల్లలు స్కూలుకి, మగవాళ్లు డ్యూటీకి వెళ్లాక, పదకొండు నుంచి ఒంటిగంట దాకా మా ముందుగదిలో చాప మీద చదువు.

నాలుగు రోజులు బాగానే సాగింది. ఐదో రోజు నేను, "ఈ ఒక్క రోజు వదిలేద్దామా? బీరువా సర్దుకోవాలి" అన్నాను. ఆమె పుస్తకం మూసేసి నవ్వింది. "సరే అక్కా. రేపట్నుంచి గట్టిగా సదువుదాం."

బద్ధకం అంటే కాళ్లు చాపుకుని కూర్చోవడం అనుకుంటారు. నేను ఒక్క నిమిషం కూర్చునేదాన్ని కాదు. సరిగ్గా పుస్తకం తెరిచే వేళకి ఇంట్లో ఎక్కడలేని పనీ కనబడేది. కిటికీ అంచుల మీద ఫ్యాక్టరీల నల్లటి పొడి పేరుకునేది. ఈ ఊళ్లో ఎంత తుడిచినా సాయంత్రానికి మళ్లీ పడుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. అయినా అది తుడిస్తే తప్ప మనసు నిలవదనిపించేది. తుడిచాక ఆ గుడ్డ ఉతకాలి. ఉతికాక ఎలాగూ చేతులు తడిశాయి కదా అని పప్పు డబ్బాలు కడగాలి. సైకాలజీ పుస్తకంలో మొదటి పాఠం ఆరేడు సార్లు మొదలుపెట్టాను. ఆ పేజీలు నలిగిపోయాయి. రెండో పాఠం కాగితాలు మాత్రం కొత్తగా ఒకదానికొకటి అంటుకునే ఉన్నాయి.

లోపల భయం ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది. చదివి కూడా ఉద్యోగం రాకపోతే నాకు తెలివి లేదని తేలిపోతుంది. చదవకపోతే ఆ గొడవే ఉండదు.

నాకున్న ఊరట నా తోడికోడలే. మధ్యాహ్నం ఇద్దరం టీ పెట్టుకుని, చదవని పాఠాల లెక్క చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. నేను మూడు పాఠాలు వెనకబడితే ఆమె నాలుగు అనేది. నాలాంటి మనిషి ఇంకొకరు ఉన్నారు, అదీ నా ఇంట్లోనే ఉన్నారు అనుకుంటే మనసు తేలికపడేది. "పోన్లే, రేపట్నుంచి" అని తను అన్నాక నాకు కళ్ల నిండా నిద్ర పట్టేది.

ఆ రోజుల్లోనే ఆమె వారానికి మూడు సార్లు సీతమ్మధారలో ఉన్న పుట్టింటికి వెళ్లడం మొదలుపెట్టింది. వాళ్లమ్మకి మోకాలి నొప్పి, దగ్గరుండి ఫిజియోథెరపీ చేయించాలంది. పాపం అనుకున్నాను. ఆ మూడు రోజులూ మా అమ్మాయితో పాటు ఆమె కూతుర్ని కూడా స్కూలు బస్సు దగ్గర్నుంచి తెచ్చి, అన్నం పెట్టి, హోంవర్కు చేయించేదాన్ని. పొద్దున్నే పప్పో కూరో గిన్నెలో సర్ది, "అమ్మకి ఇవ్వు" అని పంపేదాన్ని.

ఒక గురువారం మా అమ్మాయి కళ్లజోడు కాడ విరిగింది. అది బాగుచేయించడానికి ద్వారకా నగర్ వెళ్లాను. కొట్టతను అరగంట ఆగమన్నాడు. ఆ కొట్టు పైన కోచింగ్ సెంటర్ ఉంది. మెట్ల దగ్గర బోర్డు మీద ఆ వారం పెట్టిన పరీక్ష మార్కుల కాగితం అతికించారు. ఊరికే నిలబడి చదివాను. మూడో పేరు నా తోడికోడలిది. మా ఇంటిపేరు అంత ఎక్కువమందికి ఉండదు. అయినా ఇంకెవరో అయి ఉంటారనుకున్నాను. ఆమె ఆ వేళకి వాళ్లమ్మ మోకాలి పక్కన కదా ఉండాలి.

ఇంతలో పైన క్లాసు వదిలారు. బిలబిలమంటూ ఆడపిల్లలు దిగుతుంటే వాళ్ల మధ్యలో ఆమె కూడా దిగింది. పక్కమ్మాయితో ఏదో ప్రశ్నకి జవాబు గురించి వాదిస్తోంది. చేతిలో అదే సైకాలజీ పుస్తకం. కొన్న రోజు ఇద్దరివీ ఒక్కలాగే ఉన్నాయి. ఇప్పుడు ఆమెది వాడి వాడి ఉబ్బిపోయింది, పేజీల మధ్య నుంచి రంగురంగుల చీటీలు పైకి వచ్చాయి. నేను చటుక్కున కళ్లజోళ్ల అద్దాల వైపు తిరిగిపోయాను. తప్పు చేసింది తనైతే దాక్కుంది నేను.

సాయంత్రం కూతురి కోసం కిందకి వచ్చింది. మామూలుగానే టీ ఇచ్చాను.

"అమ్మకెలా ఉంది?" అన్నాను.

"ఏటుంటాది అక్కా. ఇయ్యాల మెట్లెక్కించేరు, ఏడిసేసింది పాపం." గ్లాసు కింద పెట్టి, "నువ్వేటైనా సదివేవా?" అంది.

"లేదు."

"నాను మాత్రం ఏటి సదివేను! రేపట్నుంచి గట్టిగా సదువుదాంలే" అని నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆ చెయ్యి నాకు ఇప్పటికీ గుర్తే. అబద్ధం చెప్పినందుకు కాదు, వాళ్లమ్మని మెట్లెక్కించి ఏడిపించి మరీ అంత వివరంగా చెప్పినందుకు కోపమొచ్చింది. ఆ తర్వాతి వారం కూడా కూర గిన్నె ఇచ్చాను. అడగాలనుకోవడం, ఇవాళ కాదు రేపు అనుకోవడం. చివరికి కోపం కూడా వాయిదా వేశాను.

ఆ వారం శుక్రవారం డాబా మీద బట్టలు తీస్తుంటే ఆమె కూడా వచ్చింది. "కోచింగులో థర్డ్ వచ్చేవు కదా" అన్నాను.

తీసిన దుప్పటి చేతిలో పట్టుకునే, "సెప్తే నన్ను సదవనిచ్చేదానివా అక్కా?" అంది.

"నానేటి సేసేను?"

"ముందు సదువు మీంచి లేచింది ఎవరు? బీరువా అన్నావు, వడియాలన్నావు. నీతో కూకుంటే నాకూ అదే అలవాటైపోతంది. నిన్నొదిలేసి ఎల్తన్నానని నీ మొకం మీద ఎలా సెప్పను?"

ఆ మాటలో నిజం ఉంది. అందుకే మరీ మండింది. "సెప్పకపోతే పోనీ. నువ్వు సదువుకుంటూ, నన్ను మాత్రం రేపు, రేపు అని జోకొట్టడం ఏటి? దానికేటి జవాబు?"

దుప్పటి మడతపెట్టుకుంది. మెట్ల దాకా వెళ్లి, "ఇంట్లో అందరికీ తెలుసు అక్కా. నాను ఒక్కదాన్నే దాసినట్టు మాటాడకు" అని దిగిపోయింది.

అందరూ అంటే మరిది, ఆ తర్వాత మిగిలింది మా ఆయన. ఆయన మొదటి షిఫ్టు ముగించుకుని మూడింటికి వచ్చేసరికి గుమ్మంలోనే అడిగాను. "మీకు తెలుసట కదా?"

"తెల్సు. తమ్ముడు సెప్పేడు."

"మరి నాకెందుకు సెప్పలేదు?"

బూట్లు విప్పుకుంటూ, "సెప్తే బాధపడతావని. అయినా నువ్వెలాగూ సదివేదానివి కాదు కదా" అన్నారు. కోపంగా కాదు. కూరలో కాస్త ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా అన్నారు. టైంటేబుల్ రాసిన క్యాలెండర్‌కి మేకు కొట్టి ఇచ్చిన మనిషి ఆయనే. ఎప్పుడు నా మీద ఆశ వదిలేసుకున్నారో నాకు తెలియనే తెలియదు. పైనున్నవాళ్లూ, నా పక్కనున్న మనిషీ నా విషయం తేల్చేసుకుని, నాకు మాత్రం చెప్పకుండా నా చేతి అన్నం తింటున్నారు.

పరీక్షకి అప్పటికి రెండు నెలలుంది. ఆ కోపం మీద ఐదు రోజులు విపరీతంగా చదివాను. ఆరో రోజు మిక్సీ విప్పి శుభ్రం చేస్తూ కనిపించాను నాకు నేను. స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని ఏడ్చాను. కోపం కూడా నన్ను కూర్చోబెట్టలేదంటే ఇంకేం కూర్చోబెడుతుంది?

అప్పుడొక నియమం పెట్టుకున్నాను. పిల్ల స్కూలు బస్సెక్కగానే, ఇల్లు ఊడవకుండా, గిన్నెలు తోమకుండా, ఉన్న చోటే కూర్చుని అరగంట చదవాలి. ఆ తర్వాత చదివినా చదవకపోయినా నా ఇష్టం. చెప్పుకోవడానికి చిన్న విషయం. సింకులో ఎంగిలి గిన్నెల మీద ఈగలు ముసురుతుంటే కూర్చోవడం నాకు నరకంలా ఉండేది. మొదటి వారం కాళ్లు వాటంతటవే లేచేవి. రెండుసార్లు లేచి వెళ్లాను కూడా. మూడో వారానికి అరగంట గంటైంది. ఒక రోజు గడియారం చూస్తే పదకొండున్నర, ఇంకా వంట కాలేదు. తోడుగా ఎవరూ లేరు. సరే అనేవాళ్లు లేరు, వద్దనేవాళ్లు లేరు. సగం పాఠాలు మిగిలి ఉండగానే పరీక్ష వచ్చేసింది.

ఆమెకి ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు. స్వీటు పెట్టె పట్టుకుని వచ్చినప్పుడు తీసుకున్నాను. "చాలా సంతోషం" అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో ఆమెకి కనబడే ఉంటుంది, కళ్లు దించుకుంది. పోస్టింగు దూరంగా పల్లెలో వచ్చింది, కూతుర్ని తీసుకుని అక్కడే ఉంటోంది.

నా మార్కులు చూసి మా ఆయన ఆశ్చర్యపోయారు. "ఇన్నొచ్చేయా! ఇంకొంచెం ముందు మొదలెట్టుంటే కొట్టేసేదానివి. ఈసారి నాను కోచింగులో జాయిన్ సేత్తాను" అన్నారు. ఎంతో ప్రేమగానే అన్నారు. నేను మాత్రం, "అక్కర్లేదు, నాకెప్పుడు ఎల్లాలనిపిస్తే అప్పుడు ఎల్తాను" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది.

మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో తెలియదు. చదువు మాత్రం సాగుతోంది, కొన్ని రోజులు గంట, కొన్ని రోజులు పది నిమిషాలు, కొన్ని రోజులు అసలు లేదు. లేని రోజున లేదని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పడం లేదు.