తొంభై ఏడు ఇంటూ తొంభై ఆరు

హిందూపురంలో బస్సెక్కినప్పటి నుంచి పక్క సీటు అమ్మాయి పెదాలు కదిలిస్తాంటే, దెయ్యం వదిలించే మంత్రమేమో అనుకున్నా. అడిగితే వేదగణితమంట. ధర్మవరంలో ఒక ప్రైవేటు బడి ఆమెను డెమో క్లాసుకు పిలిచిందంట. పిల్లోళ్లకు అర్థమైతేనే ఉద్యోగం.

"మంత్రమేస్తే లెక్క దానంతటదే అవుతాదామ్మా?"

"మంత్రం లేదన్నా, తీసివేతే. తొంభై ఏడు ఇంటూ తొంభై ఆరు చూడండి. తొంభై ఏడు నూరుకు మూడు తక్కువ, తొంభై ఆరు నాలుగు తక్కువ. తొంభై ఏడులో ఆ నాలుగు తీసేస్తే తొంభై మూడు. మూడు నాలుగులు పన్నెండు. రెండూ పక్కపక్కన పెట్టి చెప్పండి."

"తొమ్మిదివేల మూడునూర్ల పన్నెండు," అన్నా. నాకే నమ్మబుద్ధి కాలేదు. పెనుకొండలో ఎక్కినోళ్లు గూడా నా తట్టు చూస్తే కాలరు సర్దుకున్నా.

"ఎంత వరకు చదివినారన్నా?"

"ఆరో తరగతి. ఏడుకు బడే నన్ను వద్దనింది."

ఆమె ముఖం వెలిగిపోయింది. "అయితే పిల్లోళ్లకు తప్పకుండా అర్థమవుతాది. ఇంక నాకు భయం లేదన్నా."

బస్సంతా నవ్వింది. ఆమె నవ్వలేదు, నిజంగానే దండం పెట్టింది. అందర్నీ ఆటపట్టించేవాణ్ణి నేను. చెవులు కాలిపోతాంటే ధర్మవరం దాకా కిటికీ బయటికే చూస్తా కూర్చున్నా.

ఇప్పుడు యాడన్నా అట్లాంటి లెక్కొస్తే అందరికంటే ముందు నాకే తెలిసిపోతాది. పైకి మాత్రం చెప్పను. ఎంత వరకు చదివినావని అడుగుతారు.