అమ్మ జడలు ఆరేదాకా

అప్పుడు నేను పదో తరగతి. కలకత్తా పక్కన హౌరాలో ఉండేవాళ్లం, నాన్నది అక్కడ మునిసిపాలిటీ ఉద్యోగం. అమ్మ జుట్టు చిక్కులుపడి తాళ్లలా జడలు కట్టింది. అది అమ్మవారిదని దువ్వెన, కత్తెర తగలనిచ్చేది కాదు. ప్రతి శుక్రవారం కుంకుడు రసంతో తలంటి, ఒక్కో జడనీ తువ్వాలుతో పిండి ఎండలో ఆరబెట్టడం నా పని. "తడుంటే కుళ్లు వాసనొస్తాదే, గట్టిగా పిండు" అనేది అమ్మ. నాన్న మాత్రం భయంకొద్దీ వాటిని ఏనాడూ ముట్టుకోలేదు.

జ్వరంతో అమ్మ పోయిన రోజు బంద్. బండ్లు లేవు, దహనానికి నది ఒడ్డున ఘాట్‌దాకా మోసుకెళ్లాలి. ఆడవాళ్లు అమ్మకి స్నానం చేయించగానే నేను తువ్వాలు తెచ్చి జడలు పిండసాగాను. వాకిట్లో మగవాళ్లు పాడె కట్టి ఎదురుచూస్తున్నారు.

"ఏటే ఈ పని? కాలిపోయే జుట్టుని ఆరబెట్టడమేటి?" అంటూ మేనత్త నా చెయ్యి లాగింది. అందరూ నన్నే చూస్తున్నారు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది గానీ తువ్వాలు వదల్లేదు.

అప్పుడు నాన్న వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఒక జడని మెల్లగా చేతిలోకి తీసుకుని, "ఇంకా గట్టిగా పిండాలేటమ్మా?" అని నన్నడిగాడు.

ఇన్నేళ్లయినా తల తుడుచుకున్నప్పుడల్లా నాన్న అడిగిన ఆ మాటే వినిపిస్తుంది. అది అమ్మ వినలేదు.