పత్తికట్టెల చట్రం

బాబుకు పదో నెల వచ్చినా నేను వాడిని వాకిట్లో కిందికి దింపలేదు. అయిజ దగ్గర మా అత్తగారింటి ముందంతా ఎర్రమట్టి. అందులో కుట్టే చీమలు ఉంటాయని నా భయం.

"వాడు నడుసుడు నీ సంకలనే నేర్సుకుంటడా ఏంది?" అని అత్తమ్మ రోజూ అడిగేది.

వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు మమ్మల్ని పొలాలకు తీసుకెళ్ళేవారు. ఒక చదరపు చట్రాన్ని చూడకుండా విసిరి, అది పడ్డచోట లోపలున్న మొక్కల్నో పురుగుల్నో లెక్కపెట్టాలి. అలా కొన్నిచోట్ల చూస్తే పొలమంతటికీ అంచనా దొరుకుతుంది. వాకిలిని కూడా అలాగే తేల్చేద్దామనుకున్నాను. నాలుగు పత్తికట్టెలను దారంతో చట్రంగా కట్టి, బాబును చంకనేసుకుని, కళ్ళు మూసుకుని విసిరాను.

అరుగు మీద పల్లీలు ఏరుతున్న అత్తమ్మ తలెత్తింది. "కోడికి తాకితే రాత్రికి కూరనే."

"చూసి ఇసిరితే లెక్క తప్పుతది అత్తమ్మా."

"మీ నాయన నిన్ను గింత సదివిచ్చింది చీమల జనాభా రాయనీకేనా?"

చట్రంలో మొదట రెండుమూడు చీమలే కనిపించాయి. కాస్త ఊపిరి పీల్చుకున్నాను. వంగి చూస్తుండగానే అవి వరస కట్టి రాసాగాయి. ఇంకోచోటికి విసిరాను. అక్కడా అంతే. ఎటు విసిరినా ముందు ఖాళీ, కాసేపటికి దండు. వాకిలి మొత్తానికి అంచనా వేసుకుంటే, బడికి వెళ్ళే వయసొచ్చినా వీడు నా చంక దిగేలా లేడు.

అప్పుడు నా మణికట్టు మీద తడిగా ఏదో పడింది. పైకి చూశాను. బాబు పిడికిట్లో నానిన బిస్కెట్. నేను వంగిన ప్రతిసారీ వాడు చట్రంలోకి ముక్కలు రాలుస్తున్నాడు.

"నువ్వు చూసినవా అత్తమ్మా?"

"మొదటిసారే చూసిన. పిలిచి బువ్వ పెడ్తుండ్రు, వచ్చినోళ్ళను లెక్కపెడ్తుండ్రు. మంచిగనే ఉన్నది, జరసేపు చూద్దామనుకున్న."

బిస్కెట్ లాక్కుని, వాడి చేతులూ మూతీ కడిగి, చట్రాన్ని మళ్ళీ విసిరాను. చాలాసేపు కూర్చున్నా ఒక్క చీమే వచ్చింది, అదీ తన దారిన పోయింది. ఇక సాకు దొరకలేదు. బాబును మెల్లగా చట్రం మధ్యలో కూర్చోబెట్టాను.

"రాసుకో మరి," అంది అత్తమ్మ. "ఒక్కటే ఉన్నది. జర పెద్దది."

ఆ ఒక్కటీ అప్పటికే కట్టె దాటి కోడివైపు పాకుతోంది. నేను చీపురు పట్టుకుని, వాడికి ముందు ఊడ్చుకుంటూ నడిచాను.