ఎడమ పక్క కిటికీ

విమానంలో ఎడమ పక్క కిటికీయే కావాలని మా ఆయన పట్టుబట్టాడు. గుండె ఆపరేషనుకు హైదరాబాదు పోవాలి. రైల్లో అంతసేపు వద్దని డాక్టరు అనేసరికి మా మేనల్లుడు విమానం టికెట్లు తీస్తున్నాడు.

"ఎడమ పక్కే ఎందుకు మామా? కుడి పక్క కూర్సుంటే అది ఎగరదా?" అన్నాడు వాడు.

"మీ అత్తనడుగు," అన్నాడాయన.

నేనే చెప్పాను. మా ఊరి పక్క విమానాల బాట పొడిగించినప్పుడు మా చేను అందులో పోయింది. మా వాళ్లలో పోయినవాళ్లను సొంత చేలోనే పూడుస్తారు. తొమ్మిదేళ్లకు జ్వరమొచ్చి పోయిన మా కూతురు ఆ చేలోనే, బావి గట్టు పక్కన ఉంది. సున్నం కొట్టిన చిన్న సమాధి. దాన్ని కదిలించొద్దని మా ఆయన అడిగితే, చూస్తాంలే పెద్దాయనా అన్నారు. తర్వాత గోడ లేచింది. గేటు కాడ కావలి మనిషి మంచివాడే, కానీ లోపలికి పంపడం అతని చేతిలో లేదు. అట్లా ఏళ్లు గడిచాయి. ఒంటిమీద కత్తి పడేలోగా బిడ్డ ఉన్న చోటు ఒకసారి చూడాలని ఆయన ఆశ.

ఏ పక్క కూర్చోవాలో ఆయనే కనిపెట్టాడు. నాలుగు రోజులు వరసగా, పొద్దున సంగటి తినగానే, నన్ను వెంటబెట్టుకుని గోడ పక్క మట్టిరోడ్డు మీదకు వెళ్లాడు. విమానాలన్నీ తూర్పు ముఖంగానే లేస్తున్నాయి. ఆయన కూడా తూర్పు ముఖంగా గొంతుక్కూర్చుని, చేను ఉన్న వైపుకు చెయ్యి చాచాడు. ఎడమ చెయ్యి.

మేకలు తోలుకుపోతున్న మా ఊరాయన నిలబడి చూశాడు. "ఏందన్నా, ఇమానం నడిపేది నేర్సుకుంటా ఉండావా?"

"నేర్సుకుంటే మొదట నిన్నే ఎక్కిస్తాలేప్పా, మేకలతో కూడా," అన్నాడు మా ఆయన. నవ్వేసరికి ఆయాసం వచ్చి, లేవడానికి నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది.

విమానం ఎక్కాక ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టి, నేను పక్క సీట్లో కూర్చున్నాను. బయటికి చూస్తే రెక్క. నేలనంతా కప్పేసి అంత పొడుగు రెక్క. పక్క సరిగానే ఎంచుకున్నాం, రెక్క సంగతి మాకు తోచలేదు. రోడ్డు మీంచి చూసినప్పుడు విమానం కొంగంత ఉండింది. మేనల్లుడికీ తట్టలేదు, వాడూ ఎప్పుడూ ఎక్కినవాడు కాదు.

విమానం లేస్తుంటే ఆయన బుగ్గ అద్దానికి ఆనించి మెడ అటూ ఇటూ తిప్పాడు. "వెనకాల వాళ్లనడగవే, బిన్నా అడుగు, దాటిపోతాది," అన్నాడు.

మా వెనక, రెక్క దాటిన కిటికీ పక్కన చదువుకునే పిల్ల ఒకతె కూర్చుని ఉంది. సీట్ల సందులోంచి అడిగాను. "పాపా, గోడ లోపల మూల మీద తెల్లగా చిన్న గట్టు మాదిరి కనపడతా ఉండాదా సూడు."

ఆ పిల్ల వంగి చూసింది. "లేదవ్వా. అంతా సదునుగా ఉండాది. గడ్డే."

"బాయి పక్కన సూడు తల్లీ."

"బాయి కూడా లేదవ్వా. యాడా ఏమీ లేదు." "ఆడ ఏముండె అవ్వా?" అంది.

మా ఆయన వెనక్కి తిరగకుండానే, "మా సేను పాపా," అన్నాడు.

ఆపరేషను బాగానే జరిగింది. ఆ ఏడు బిడ్డ పోయిన రోజు దగ్గర పడింది. ఏటా ఆ రోజుకు కొత్త పావడా గుడ్డ కొని బిడ్డ పేరున పెట్టడం మా ఇంట్లో ఉన్నదే. అంగడికి పోదామని సంచి చేతికి తీసుకున్నాను.

"యాడికే?" అన్నాడు.

"పావడా గుడ్డకు."

మంచం మీద పడుకున్నవాడు గోడ వైపుకు తిరిగాడు. "ఎవురికి?" అన్నాడు.

నేను సంచి మేకుకు తగిలించి వంటింట్లోకి పోయాను.