ఎడమచెయ్యెత్తిన విగ్రహం

మా ఏలూరు ఇంటి ముందుగదిలో ఒక పాత పటం ఉంది. చెయ్యి పైకెత్తి నిలబడ్డ గ్రీకు యువకుడి పాలరాతి విగ్రహం బొమ్మ అది. రాగిరేకు మీద సన్నటి గీతలు చెక్కి, సిరా పట్టించి, కాగితం మీద అచ్చు వేసింది. కొల్లేరు పక్క ఊళ్లో మిషన్ బడి మాస్టారుగా పనిచేసిన మా మామగారిది. ముంపు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు ఆయన బియ్యం బస్తా కంటే ముందు ఆ పటాన్నే అటకెక్కించారట. అడుగున నీటి మరక ఇంకా ఉంది.

రోముకో పారిసుకో వెళ్లలేని వాళ్లకు ఆ విగ్రహాలు తెలిసింది ఇలాంటి కాగితాల వల్లే. మామగారు బడి పిల్లలకు ఈ పటం చూపించే బొమ్మలు నేర్పేవారు; నా భార్య కూడా అలాగే నేర్చుకుంది. రాతిలో కండ గుండ్రదనాన్ని చూపించే వంపు గీతలు ఆమె చేతికి పట్టుబడ్డాయి. ఆమె వేసే కొల్లేటి గూడబాతుల రెక్కల్లోనూ అవే గీతలు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైన నాకు ఆ చెయ్యి లేదు. ఆ సంగతి ఒప్పుకోవడం నాకెప్పుడూ కష్టంగానే ఉండేది.

మొన్న వేసవిలో తాడేపల్లిగూడెం నుంచి స్నేహితులు వచ్చారు. ఒకాయన పటం చూసి, ఫోనులో అసలు విగ్రహం ఫోటో వెతికి చూపించాడు. అది ఎత్తింది కుడిచెయ్యి. మా పటంలో ఎడమచెయ్యి.

"చూశావుటోయ్? మీ నాన్నగారు బడి పిల్లలందరికీ ఎడమచేతి వాటం నేర్పేశారు!" అన్నాను నా భార్యతో.

అందరూ నవ్వారు. ఆమె కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆ తర్వాత పెన్సిల్ ముట్టలేదు.

చెక్కేవాడు విగ్రహాన్ని చూసింది చూసినట్టే రేకు మీద గీస్తే, అచ్చులో కుడి ఎడమవుతుంది. ఏళ్ల తరబడి పిల్లలకు నేను చెప్పిన పాఠమే అది. ఆ రోజు చెప్పలేదు. నలుగురినీ నవ్వించడం ఆ పూటకి బాగుందనిపించింది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, గడ్డం గీసుకునే అద్దం తెచ్చి పటానికి ఎదురుగా పట్టుకుని ఆమెను పిలిచాను. అద్దంలో యువకుడు కుడిచెయ్యి ఎత్తాడు.

"అచ్చు వేస్తే బొమ్మ ఇలాగే తిరగబడుతుంది. మీ నాన్నగారి తప్పేం లేదు. నాకు ఆ రోజే తెలుసు."

"తెలిసే నవ్వారాండీ?"

"ఆఁ."

"సబ్బు మరకలైనా తుడవకుండా పట్టుకొచ్చేశారు," అని కొంగుతో అద్దం తుడిచి మళ్లీ చూసింది. తర్వాత లోపలికి వెళ్లి పెన్సిల్, కాగితం తెచ్చుకుని పటం ముందు కూర్చుంది. నేను అద్దం సరిగ్గా నిలబెట్టబోయాను.

"అది తీసెయ్యండి. నాన్నగారు చూపించినట్టే వేస్తాను. మీరు కాస్త వెలుతురుకి అడ్డం తప్పుకోండి."

తప్పుకున్నాను.