ఆరంగ్ పెంకు

అరచేతిలో పట్టేంత పెంకు ఒకటి పన్నెండేళ్లుగా నా గుండె మీద కూర్చుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

యుద్ధం రోజులు. రాయపూర్ కాలేజీలో ప్రాచీన నాగరికతలు చదివేవాణ్ణి. రైల్వే గార్డైన నాన్న రైలును ముందుకు పంపిస్తుంటే కొడుకు వేల ఏళ్లు వెనక్కి పోతున్నాడని ఇంట్లో నవ్వేవారు. బొగ్గు గ్యాసు బస్సులో దగ్గర్లోని ఆరంగ్ ఊరికి వెళ్లి, అక్కడి పాత దిబ్బ మీద కుండపెంకులు ఏరేవాళ్లం. వాటిని కడిగి, లోపలివైపు సిరాతో నంబరు వేయడం నా పని. నా ప్రతిభ చూసి కాదు, మా రైల్వే క్వార్టర్లో కుళాయి ఉందని.

ఆ చలికాలం తవ్వకాలకు ఒక్క విద్యార్థినే తీసుకెళ్తామన్నారు. అందరి కళ్లూ బుధారు మీదే. కుమ్మరి ఇంటివాడు, వాడి వేలికి తెలిసినంత మట్టి మా పుస్తకాలకు తెలియదు. ఆరంగ్‌లో వాడికో నల్లపెంకు దొరికింది, అద్దమంత నునుపు. కడిగి మా వరండాలో ఆరబెట్టాను. సాయంత్రానికి లేదు.

"ఏటిరా, పెంకు కోసం ఇంత గోలా?" అంది అమ్మ. "చెల్లి తలకి సాంబ్రాణి పొగేద్దామని దాన్లో నిప్పులు పోశాను. టప్పుమని పగిలింది, ముక్కలు పారేశాను."

నిజం చెబితే సరిపోయేది. కుళాయి ఉద్యోగం ఊడుతుందని భయం. పెరట్లో అమ్మ శ్రీకాకుళం నుంచి తెచ్చుకున్న మజ్జిగ కుండ ముక్క కనిపించింది. మసి పూశాను, రుద్దాను, అదే నంబరు వేశాను. చరిత్ర చదవమంటే తయారుచేశాను.

ప్రొఫెసరుగారు దాన్ని వెలుతురుకి తిప్పి చూశారు. "ఈ మట్టి ఇక్కడిది కాదు! సముద్రతీరం నుంచి వచ్చింది. ఆ కాలంలోనే వర్తకం ఉందన్నమాట." మట్టి గురించి ఆయన చెప్పింది నిజమే, అదీ విచిత్రం.

బుధారు వేలితో కొట్టి విన్నాడు. "ఏ తో నవా హే, సర్. కొత్తది. నేను ఏరింది ఇది కాదు."

"కుండలు చేసినంత తేలిక కాదోయ్, చరిత్ర," అన్నారు ప్రొఫెసరుగారు.

తరగతంతా నవ్వింది. బుధారు నావైపు తిరిగాడు. "కడిగినవాడివి నువ్వు. చెప్పు, భాయ్."

"అదే ఇది," అన్నాను.

తవ్వకాలకు నన్ను తీసుకెళ్లారు. మరుసటి నెలలో బుధారు కాలేజీ మానేశాడు. నా మాట ఎక్కడా ఎత్తలేదట. ఎందుకు? జాలా? అసహ్యమా? లేక, అందరూ నవ్వాక ఇక చెప్పేదేముందనుకున్నాడా? తర్వాత ఎన్ని దిబ్బలు తవ్వానో. ఈ ఒక్కటీ తేలలేదు. అసలు ఆ నల్లపెంకు ఏ కాలానిది? అందులో ఎవరు ఏం తిన్నారు? అదీ ఎవరికీ ఇక తెలియదు. నిప్పులు పోసింది అమ్మే, కానీ కాల్చింది నేను.

మజ్జిగ కుండ ముక్క కాలేజీ బీరువాలో ఇంకా ఉంది, నా చేతిరాత నంబరుతో. కింద చీటీ మీద రెండు వేల ఏళ్లని ఉంది. దాన్ని మార్చడానికి రెండుసార్లు వెళ్లాను, బీరువా దాకా వెళ్లి తిరిగొచ్చాను.

మార్చి పెట్టాల్సిన చీటీ ఇదీ: మా అమ్మ మజ్జిగ కుండ. శ్రీకాకుళం మట్టి. కొత్తదని మొదట చెప్పినవాడు బుధారు.